ప్రవర్తనకు కాటా ఎవరి చేతిలో ఉంది?

టీసీ కాగితంలో పేరు, పుట్టిన తేదీ, కులం, చదివిన తరగతి దాటి కిందికి వస్తే ఒక గడి ఉంటుంది. ప్రవర్తన. అందులో చాలావరకు ఒకటే మాట రాస్తారు. 'బాగుంది' అనో, 'సంతృప్తికరం' అనో. పదేళ్లు బడిలో తిరిగిన పిల్లవాడి నడవడి అంతా ఆ ఒక్క మాటలో పట్టిపోతుంది. ఎత్తు కొలవడానికి గోడ మీద గీతలున్నాయి. బరువుకు కాటా ఉంది. లెక్కలకు మార్కులున్నాయి. ప్రవర్తనకు ఏ కాటా వాడారని మాత్రం ఎవరూ అడగరు. బాగుందని రాసినంతకాలం అడగాల్సిన అవసరం రాదు. ఇంకో మాట రాసిననాడు, పై చదువుకు పోయినా కొలువుకు పోయినా ఆ కాగితం ముందు నిలబడినప్పుడు, అప్పుడు తెలుస్తుంది దాని బరువు.

అయినా మా బాధ ఆ గడి గురించి మాత్రమే కాదు. రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట మండలంలోనూ, 2016లో దాని నుంచి విడిపోయిన వీర్నపల్లి మండలంలోనూ లంబాడీ తాండాలు చాలా ఉన్నాయి. ఆ తాండాల నుంచి బడికి, హాస్టల్‌కు, గురుకులానికి పోయే పిల్లల మీద కాగితానికి ఎక్కని కొలత ఒకటి నడుస్తుంటుంది. "తాండా పోరగాండ్లు గింతే." "ఆ పిల్ల నోరు ఇప్పది." "వాడు కుదురుగ కూసోడు." ఈ మాటలు ఏ రిజిస్టరులోనూ దొరకవు. కానీ ముందు బెంచీ ఎవరిది, వెనుక బెంచీ ఎవరిది, ప్రశ్న ఎవరిని అడగాలి, ఎవరిని అడిగినా దండగ అన్నది ఇవే తేలుస్తాయి. అందుకే ఈ ప్రశ్నను మన యువకుల ముందు, మన పంతుళ్ల ముందు పెట్టదలిచాం: ఒక మనిషి నడవడిని ఇంకో మనిషి కొలవవచ్చునా? కొలిస్తే, ఆ కొలిచేవారు ఏ నియమానికి కట్టుబడి ఉండాలి?

తరగతి గదిలో మనందరికీ తెలిసిన మొదటి కొలత క్లాస్ లీడర్ చేతిలోని సుద్దముక్క. సారు ఆఫీసు రూముకు పోతూ "మాట్లాడినోళ్ల పేర్లు రాయి" అంటాడు. బోర్డు మీద పేర్లు పడతాయి. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటు గుర్తు, ఇంకోసారికి ఇంకోటి. చూడటానికి ఎంత న్యాయంగా ఉంటుంది! కానీ లీడర్ పక్కన కూర్చునేవాడి పేరు ఏనాడైనా బోర్డెక్కిందా? పెన్సిల్ అడిగిన మాటకూ, తిట్టిన మాటకూ ఒకటే ఇంటు గుర్తు. తనలో తాను గోర్ బోలిలో గొణుక్కున్న పిల్ల పేరు ముందు పడుతుంది, ఎందుకంటే ఆ మాట చెవికి కొత్తగా తగులుతుంది. సారు తిరిగొచ్చి బోర్డు చూస్తాడు, తరగతిని చూడడు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పెద్దవాళ్లం తయారుచేసుకున్న కొలతల్లోనూ ఇదే చిక్కు ఉంది.

బీఈడీ, డీఈడీ చదివిన వారికి ఈ కొలతలు కొత్త కావు. ఒక పని ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడం ఒకటి. ఎంతసేపు సాగిందో చూడటం ఒకటి. పీరియడును చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో ఆ పని కనిపించిందా లేదా అని గుర్తు పెట్టడం ఇంకొకటి. అన్నింటికన్నా పనికొచ్చేది మూడు గళ్ల కాగితం: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏమైంది. వీటితోపాటు రేటింగ్ స్కేలు ఒకటుంది: క్రమశిక్షణ, సహకారం, పెద్దల పట్ల గౌరవం, ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని వేసేయడం. మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన తర్వాత 'విలువల విద్య–జీవన నైపుణ్యాలు' అన్న అంశానికి కూడా గ్రేడు ఇవ్వాల్సి వచ్చింది. విలువలకు గ్రేడు! ఆ గ్రేడ్లు ఏ సాయంత్రం, ఎంత తొందరలో నిండుతాయో రాసే సార్లకే బాగా తెలుసు.

ఈ కొలతలన్నీ ఒక జాతివి కావు. ఒక ఉదాహరణ అనుకుందాం. "వాడు కుదురుగ కూర్చోడు" అన్న పిల్లవాడిని పక్కన ఉండి ఒక పీరియడు చూశాం. ఆరుసార్లు లేచాడు. అందులో అయిదుసార్లు బోర్డు మీది రాత దించుకునేటప్పుడే లేచాడు. లేచి ముందు బెంచీ పిల్లవాడి నోట్‌బుక్కులోకి తొంగిచూశాడు. కథ చెబుతున్నంతసేపు ఒక్కసారి కూడా లేవలేదు. ఇప్పుడు చెప్పండి, వాడిది కుదురు లేకపోవడమా, కంటి చూపు తక్కువ కావడమా? 'ఆరుసార్లు' అన్నది లెక్క. 'కుదురు లేదు' అన్నది తీర్పు. లెక్క మనల్ని బోర్డు దాకా, కంటి డాక్టరు దాకా తీసుకుపోయింది. తీర్పు అయితే వాడి దగ్గరే ఆగిపోయేది. ఇద్దరు మనుషులు విడివిడిగా చూస్తే ఇద్దరికీ ఆరో, దగ్గర దగ్గర ఆరో వస్తుంది. 'కుదురు' మాత్రం ఒకరికి కనిపించినట్టు ఇంకొకరికి కనిపించదు.

ఈ తేడా పుస్తకాలు చదివితేనే తెలిసేది కాదు. మన ప్రాంతంలో బీడీలు చేసే అక్కలను, అమ్మలను అడగండి. బీడీలకు వెయ్యి లెక్కన కూలి. కట్ట కట్టి లెక్కపెట్టుకునే దగ్గర వాళ్లకు గొడవ లేదు, వెయ్యి అంటే వెయ్యే. గొడవంతా ఆ తర్వాత వస్తుంది. తీసుకునే అతను బాగాలేవని కొన్ని పక్కకు పారేస్తాడు. ఎందుకు బాగాలేవో చెప్పడు. ఆకు వాళ్లే ఇచ్చారు, ఆకు పగిలితే తప్పు చేసినవాళ్లదైంది. లెక్క ఇద్దరి కళ్ల ముందు జరుగుతుంది. ఏరివేత ఒక్కడి చేతిలో జరుగుతుంది. బడిలో మన పిల్లల నడవడికి జరిగేది చాలావరకు ఈ ఏరివేతే. పైగా దానికి కొలత అని పేరు.

ఏరేవాడి కంటికి ఏమేం అడ్డొస్తాయో వందేళ్ల కిందటే ఒకరు చూపించారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో సైనిక అధికారుల రేటింగులను పరిశీలించాడు. ఒక్కో మనిషికి శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం వేరువేరుగా వేయమన్నారు. వాళ్లు వేరువేరుగా వేయలేకపోయారు. మనిషి కంటికి నిండుగా కనిపిస్తే తెలివికీ మంచి మార్కు పడింది, శీలానికీ పడింది. మన తరగతిలోకి వస్తే, నూనె రాసి దువ్విన తల, ఇస్త్రీ బట్ట, తడబడని తెలుగు ఉన్న బిడ్డకు క్రమశిక్షణలో కూడా రెండు పాయింట్లు ఎక్కువే పడతాయి. ఆ బిడ్డ తప్పేం లేదు. అటువైపు పొద్దున్నే మేకల పని చూసి, కిలోమీటర్లు నడిచి, మట్టి కాళ్లతో ఆలస్యంగా వచ్చినవాడికి పాయింట్లు తగ్గుతాయి. వాడి తప్పూ ఏం లేదు.

'పెద్దల పట్ల గౌరవం' అన్న గడిని చూడండి. మన ఊళ్లలో, మన తాండాల్లో తల్లిని, తండ్రిని, తాతను 'నువ్వు' అనే అంటాం. అందులో తక్కువ చేయడం లేదు, దగ్గరితనం ఉంది. ఆ అలవాటుతోనే ఒక పిల్లవాడు "సారూ, నువ్వే జెప్పినవ్ గద" అంటాడు. 'మీరు' అనే పుస్తకం తెలుగుకు అలవాటుపడిన సారుకు అది చెంపమీద కొట్టినట్టుంటుంది. గౌరవం గడిలో పాయింటు పోతుంది. నిజానికి అక్కడ కొలిచింది గౌరవాన్ని కాదు, వ్యాకరణాన్ని. పిల్లవాడికి 'మీరు' నేర్పాలా అంటే నేర్పాలి, కొలువుల్లో, ఆఫీసుల్లో అది కావాలి. కానీ నేర్పాల్సిన దాన్ని నేరంగా రాయడం ఎక్కడి న్యాయం?

ఇక మౌనం. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన ఆడపిల్లల మీద పడే ముద్రల్లో ఇది పెద్దది. బీఈడీలో ఫ్లాండర్స్ పద్ధతి అని చదువుతారు. మూడు సెకన్లకు ఒకసారి తరగతిలో ఏం జరుగుతోందో ఒక అంకెతో రాయాలి. మొత్తం పది అంకెలు. ఏడు ఉపాధ్యాయుడి మాటలకు, రెండు విద్యార్థుల మాటలకు. మిగిలిన పదో అంకె 'నిశ్శబ్దం లేదా గందరగోళం'. రెండూ ఒకే గడిలో! ఆలోచిస్తూ ఆగిన బిడ్డ, గోల చేస్తున్న గుంపు ఒకే అంకె కింద పడతారు. గోర్ బోలిలో ప్రశ్నను తిప్పుకుని, దానిలోనే జవాబు వెతికి, మళ్లీ దాన్ని తెలుగులోకి తెచ్చుకునే బిడ్డకు, ఇప్పుడైతే ఇంగ్లీషులోకి తెచ్చుకునే బిడ్డకు, పట్టే సమయమంతా ఆ పదో అంకెలోనే కలిసిపోతుంది.

అసలు ఎంత సమయం ఇస్తున్నారు? అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో దీన్నే లెక్కపెట్టింది. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అంతవరకు నోరెత్తని పిల్లలు మాట్లాడారు. మందమతులని అనుకున్నవారి మీద ఉపాధ్యాయుల అంచనా కూడా మారింది. పిల్లలు వాళ్లే, పాఠాలూ అవే. మారింది రెండు సెకన్లు.

అక్కడే ఆరెగాన్ రాష్ట్రంలో వార్మ్ స్ప్రింగ్స్ అనే ఆదివాసీ ప్రాంతంలో సూసన్ ఫిలిప్స్ అనే ఆమె కూడా ఇలాంటిదే చూసింది. అందరి ముందు పేరు పిలిచి జవాబు చెప్పమంటే ఆదివాసీ పిల్లలు మూగబోయేవారు. నలుగురు కలిసి పనిచేసేటప్పుడు, టీచర్ దగ్గరికి తామే పోయి అడిగేటప్పుడు బాగా మాట్లాడేవారు. వాళ్ల ఇళ్లలో పిల్లలు చూసి నేర్చుకుంటారు, చేయగలమని తోచాక చేసి చూపిస్తారు. తప్పు చేసి అందరి ముందు దిద్దించుకోవడం అక్కడి పద్ధతి కాదు. బడి దాన్ని 'పాల్గొనడం లేదు' అని చదివింది. ఇది చదివినప్పుడు మాకు మన తాండా గుర్తొచ్చింది. తీజ్ పండుగ రోజుల్లో గోధుమ మొలకల బుట్టల చుట్టూ గొంతెత్తి పాడే పిల్లను "నోరు ఇప్పది" అని రాసే రిజిస్టరు దేన్ని కొలిచినట్టు?

భాష అన్నది తెలియక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల బోధన మొదలుపెట్టారు. అందులో బంజారా భాష కూడా ఉంది. ఇంటి భాషలో అడిగితే పిల్లలు పలుకుతారన్న ఎరుక ప్రభుత్వానికి ఉన్నట్టే. ఆ ఎరుక ప్రవర్తన రాసే చోటికి మాత్రం ఇంకా రాలేదు.

ముద్ర పడితే ఏమవుతుందో చూపిన పని మన దేశంలోనే జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు దారి కనుక్కునే చిక్కుముడి బొమ్మలు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు, పై కులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందు కులం పేరు చదివి మొదలుపెడితే దళిత పిల్లల పని పడిపోయింది. తెలివి ఒక్క నిమిషంలో తగ్గదు కదా. అంటే కొలిచే తీరే కొలవబడే దాన్ని మార్చింది. "తాండా పోరగాండ్లు గింతే" అన్న మాటను వింటూ కూర్చున్నవాడు కొన్నాళ్లకు గింతే అవుతాడు. అప్పుడు రిజిస్టరు నిజమే చెప్పినట్టు కనిపిస్తుంది.

మనుషుల నడవడిని పుట్టుకతో కొలిచిన చట్టం ఈ దేశంలో ఉండేది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. ఎరుకల వారు అందులో పడ్డారు, కొన్ని ప్రాంతాల్లో బంజారాలూ పడ్డారు. రిజిస్టరులో పేరు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు ఆ కాలం నాటివే. ఫలానా వ్యక్తి ఫలానా రోజు ఏం చేశాడని ఆ చట్టం అడగలేదు, ఎవరి బిడ్డ అని అడిగింది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. ఒక బడి రిజిస్టరును ఆ చట్టంతో పోల్చడం అన్యాయమని కొందరు సార్లు నొచ్చుకోవచ్చు. నిజమే, సారు పోలీసు కాదు. మేము పోలుస్తున్నది మనుషులను కాదు, ఒక అలవాటును: చేసిన పనిని వదిలి మనిషిని రాసే అలవాటు, మనిషిని వదిలి జాతిని రాసే అలవాటు. పెన్సిల్ పోయిందనగానే ముందు ఎవరి సంచి వెతుకుతున్నామో గమనిస్తే చాలు, ఆ అలవాటు ఎంత దగ్గరలో ఉందో తెలుస్తుంది.

ఇంతదాకా చదివి మన తమ్ముళ్లు కొందరు "అయితే కొలతే వద్దు, గ్రేడ్లు వద్దు, ఏం రాయొద్దు" అంటారు. అక్కడ మేము వాళ్లతో ఏకీభవించం. కొలవకపోతే ముందుగా కనుమరుగయ్యేది మన పిల్లలే. గోల చేసేవాడిని సారు ఎలాగూ చూస్తాడు. మూడు వారాలుగా ఎవరితోనూ ఆడని పిల్లను ఎవరు చూస్తారు? హాస్టల్లో పెద్ద పిల్లలు చిన్నవాడిని రోజూ కొడుతుంటే, 'పిల్లలన్నాక అంతే' అన్న మాట కంటే తేదీ, సమయం, చోటు రాసిన కాగితం ఆ చిన్నవాడికి పెద్ద రక్ష. మన జిల్లాల నుంచి దుబాయికి, సౌదీకి పోయిన తండ్రులు ఎందరో. ఇంటి నుంచి తిరిగొచ్చిన ప్రతి సోమవారం ఒక పిల్లవాడు ఎందుకు తిరగబడుతున్నాడో తెలియాలంటే సోమవారాలను ఎవరో ఒకరు లెక్కపెట్టి ఉండాలి. అందరినీ ఒకేలా చూస్తున్నానని ఏమీ రాసుకోని సారు నమ్ముతాడు. నమ్మకానికి రుజువు ఉండదు.

మన తాండాలోనూ నడవడిని తూచే పద్ధతి ఉండేది, నసాబ్. నాయక్, పెద్దలు కూర్చుని తగువు వినేవారు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్నది పదిమందిలో తేలాలి, ఆరోపణ పడ్డవాడు మాట్లాడాలి, తప్పు తేలితే దండుగ కట్టాలి. దాన్ని బంగారమని చెప్పడానికి మేము సిద్ధంగా లేం. ఆడవాళ్లకు అందులో పెద్దగా చోటు లేదు, పలుకుబడి ఉన్నవాడి మాట చెల్లిన రోజులూ ఉన్నాయి. కానీ ఒక్క సంగతి తీసుకోదగ్గది: తన గురించి ఏమంటున్నారో ఆ మనిషి చెవిన పడేది, తిరిగి జవాబు చెప్పే వీలుండేది. బడిలో తన ప్రవర్తన గురించి ఏం రాశారో చూసిన పిల్లవాడు ఎక్కడైనా ఉన్నాడా?

ఈ మధ్య గోడ మీద నక్షత్రాల చార్టులు, ఫోన్లో పాయింట్లు వచ్చాయి. తిట్టు కంటే నక్షత్రం మేలే. అయితే ప్రతి మంచి పనికీ నక్షత్రం దొరికే చోట, నక్షత్రం లేని మంచి పని ఎవరు చేస్తారు? పడిపోయిన పిల్లను లేపేముందు సారు చూస్తున్నాడా అని తల తిప్పే పిల్లవాడిని తయారుచేసుకుంటున్నాం. ఇంకో చిక్కు, చార్టు అందరికీ కనిపిస్తుంది. చివరి వరుసలో ఖాళీగా ఉన్న పేరును రోజూ చూసుకుంటూ కూర్చోవడం కూడా ఒక దండనే. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం దాచిపెట్టాం, అంతవరకే గుర్తుంచుకున్నాం.

సార్ల కష్టం మాకు తెలియక రాయడం లేదు. తాండా బడిలో ఒక్కరే రెండు మూడు తరగతులు చూడాలి, అన్నం వండించాలి, ఆన్‌లైన్‌లో లెక్కలు ఎక్కించాలి. ప్రతి పిల్లవాడికీ మూడు గళ్ల కాగితం నింపమంటే ఎవరివల్లా కాదు. అందుకే అందరికీ గ్రేడు వేసే పని తగ్గించి, చింత కలిగించే ఒకరిద్దరి గురించి కొద్దిరోజులు చూసి రాయడం మేలంటాం. రాసేటప్పుడు 'మొండి' అని కాకుండా 'పిలిస్తే రాలేదు, అంతకుముందు ఇది జరిగింది' అని రాయాలి. రాసింది ఆ పిల్లకు, ఆమె యాడికి, వాళ్లకు అర్థమయ్యే మాటలో చదివి వినిపించాలి. ఆ చింత తీరాక కాగితాన్ని చింపేయాలి. ఏడో తరగతిలో చేసిన అల్లరి పదో తరగతి దాకా వెంట రాకూడదు. బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని అదే చట్టం చెప్పింది. మధ్యాహ్న భోజనం, గోడకు సున్నం గురించి అడిగినట్టే 'మా పిల్లల గురించి ఏం రాస్తున్నారు' అని కూడా అక్కడ అడగవచ్చు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ రోజు తల్లుల పక్కన కూర్చోవాలి.

ఫ్లాండర్స్ పద్ధతిలో ఇంకో సంగతి ఉంది. పది అంకెల్లో ఏడు ఉపాధ్యాయుడివే. అంటే ఆ కాటా ముందుగా తూచేది సారునే. మన బడుల్లో ఆ వాడకం బీఈడీ పరీక్షతోనే ముగిసిపోయింది. అంత పెద్ద పద్ధతి అక్కర్లేదు, ఒక తెల్ల కాగితం చాలు. బెంచీల బొమ్మ గీసుకుని, ఒక వారం పాటు ఏ బిడ్డను ప్రశ్న అడిగితే ఆ చోట ఒక గీత పెట్టుకోవాలి. పేరు పెట్టి పిలిచినప్పుడు ఒక గీత, జవాబు కోసం మూడు సెకన్లు ఆగినప్పుడు ఒక చుక్క. శనివారం నాడు చూసుకుంటే గీతలు ఎక్కడ గుంపు కట్టాయో, తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటి దగ్గరి బెంచీలో ఎన్ని ఉన్నాయో కనిపిస్తుంది. ఆ కాగితం హెడ్మాస్టరుకు చూపనక్కర్లేదు, ఎంఈఓకు పంపనక్కర్లేదు. సారు జేబులోనే ఉండనీయండి. సోమవారం మొదటి ప్రశ్న ఆ తలుపు పక్క బెంచీని అడగండి, అడిగి కొంచెం ఆగండి.